నీళ్ళలోకి చూపిన బాణం

మా పల్నాడులో పేపరు చేతికందగానే ముందు సాగర్ నీటిమట్టం చూస్తారు. క్రికెట్టు, రాజకీయాలు, చావు కబుర్లు అన్నీ ఆ తర్వాతే. ఎన్ని అడుగులుందో చూసి, ఈ ఏడు కాలవకి నీళ్ళొదులుతారో లేదో అక్కడికక్కడే తేల్చేసి, అప్పుడు టీ తాగుతారు. నేనూ అంతే. గురజాల పక్కన సాగర్ కాలవ కింద మాగాణి చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. అడవి శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైనా ఆ అలవాటు పోలేదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలూ, ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, రోజూ ఆ అంకె చూస్తూ కూడా నేనొక తప్పు చేశాను. చదువు రాని వాడు చేసే తప్పు కాదు. పల్నాడువాడు మాత్రమే చేయగలిగిన తప్పు.

అప్పటికి నా సర్వీసు ఇంకా రెండేళ్ళుంది. మాచర్లలో సెక్షన్ ఆఫీసర్ని. మా రేంజికి కొత్తగా ఆఫీసరమ్మ వచ్చింది. గోదావరి వైపు అమ్మాయి, మా చిన్నమ్మాయి కంటే ఒకటి రెండేళ్ళు పెద్దదేమో. 'అండి' లేకుండా ఏ మాటా ముగించేది కాదు. ఆ అండి విని మెత్తని మనిషి అనుకున్నవాడు వారం తిరక్కుండా మెమో అందుకునేవాడు.

ఆవిడకి ఒక ఆలోచన ఉంది. నల్లమల కొండలు సాగర్ నీళ్ళలోకి దిగే అంచు వెంట మూడు రోజుల నడక దారి వేయాలి. వచ్చినవాళ్ళు తిండి, బట్టలు, గుడారం అన్నీ వీపున మోసుకుని నడవాలి. మూడో రోజు సాయంత్రం లాంచీ వచ్చి వాళ్ళని ఎక్కించుకోవాలి. పై దేశాల్లో సముద్రం ఒడ్డున ఇలాంటి దారులుంటాయట, జనం సెలవు పెట్టుకుని మరీ వెళ్ళి నడుస్తారట.

"మనకి సముద్రం లేదు కదమ్మా," అన్నాను.

"సాగర్ ఉంది కదండి," అంది.

ఈ దారి మీద ఆవిడకంటే ఎక్కువ ఆశ పెట్టుకున్న మనిషి ఇంకొకడున్నాడు. మా వాచరు. చెంచు మనిషి. వయసెంతంటే డ్యామ్ కట్టేటప్పుడు అమ్మ చంకలో ఉన్నానంటాడు. రోజు కూలీ మీద ఇరవై ఏళ్ళుగా నాతో అడవిలో తిరిగాడు. నేనాయన్ని మావా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను సారూ అనేవాడు. ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలో పుస్తకంలో చదివి నేను ట్రెయినింగులో చెప్పేవాణ్ణి. నిజంగా ఎదురైనప్పుడు మాత్రం ఆయన వెనక నిలబడేవాణ్ణి.

ఆ ఏడాది పైనుంచి కాగితం వచ్చింది, వయసు మీద పడ్డ వాచర్లని మార్చి తర్వాత కొనసాగించొద్దని. ఆ సంగతి ఆయనకి నేనే చెప్పాను. "ఇంటికాడ కూకుంటే నాకు గాలాడదు సారూ," అన్నాడు. ఒకసారి కాలు బెణికి వారం రోజులు గూడెంలో ఉన్నప్పుడు ఆయన్ని చూశాను. పంజరంలో కౌజు పిట్ట ఎలా ఉంటుందో అలా ఉన్నాడు.

ఆఫీసరమ్మతో మాట్లాడాను. ఆవిడ సూటిగా చెప్పింది. "దారి నిలబడితే నడిపించే పని గూడెం వాళ్ళకే ఇద్దామండి. వాళ్ళకి పెద్దగా ఈయన్నే పెడదాం. దానికి వయసు అడ్డం రాదు. కానీ మొదటి నడక సజావుగా జరగాలి. ఏ మాత్రం తేడా వచ్చినా పైవాళ్ళు ఫైలు మూసేస్తారండి, నేనేం చేయలేను."

అలా ఆయన బతుకుతెరువు, ఊపిరి రెండూ ఆ మొదటి నడకకి ముడిపడ్డాయి. ఆ నడకకి దారి వేయాల్సింది నేను.

మే నెలలో వేశాం. నేను, ఆయన, ఒక తెల్ల పెయింటు డబ్బా, రెండు కుంచెలు. ఎన్నో ఏళ్ళుగా వానల్లేక సాగర్ ఎక్కడో అడుగున ఉంది. నీళ్ళు వెనక్కిపోయిన ఒడ్డంతా నాపరాయి బల్లలు బల్లలుగా బయటపడి, ఎవరో మనకోసమే రోడ్డు పరిచిపెట్టినట్టుంది. నా సంతోషం ఇంతా అంతా కాదు. చెట్టు కొట్టక్కర్లేదు, పొద నరకక్కర్లేదు. వంద అడుగులకొక బాణం గుర్తు వేసుకుంటూ పోవడమే.

మొదటి బల్ల మీద బాణం ఎక్కడ వేయాలో చూపించాను. మావ కుంచె పట్టుకుని ఆగిపోయాడు.

"సారూ, ఇది నీళ్ళ తావు."

నేను నవ్వాను. "నీళ్ళు యాడున్నయి మావా? సాగర్ నిండి ఎన్నేళ్ళయింది? నువ్వూ నేనూ చచ్చేలోపు మళ్ళీ నిండితే చూద్దాంలే. ఎయ్యి."

వేశాడు. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పడం ఆయన అలవాటు కాదు. ఐదు రోజుల్లో దారి అయిపోయింది.

ఆ ఏడే ఎగువన కర్ణాటకలో, మహారాష్ట్రలో ఆకాశం బద్దలైంది. కృష్ణ కట్టలు తెంచుకుని వచ్చింది. రోజూ పేపర్లో అంకె పెరుగుతోంది. ఐదు వందల నలభై, అరవై, ఎనభై. ఐదు వందల తొంభై దగ్గరకి రాగానే గేట్లెత్తారు. మాచర్ల నుంచి సాగర్ దాకా కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు. మా ఆవిణ్ణి, మనవల్ని వెంటేసుకుని నేనూ వెళ్ళాను. ఆ తుంపర్లలో తడిసి చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాను. గురజాల నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, రెండు పంటలు! రెండు పంటలు!" అని ఏడ్చినంత పనిచేశాడు. మర్నాడు ఆఫీసుకి కిలో మైసూర్‌పాక్ తీసుకెళ్ళి అందరికీ పంచాను. ఆఫీసరమ్మకి కూడా పెట్టాను. "మీ ఊళ్ళో పండగా అండి?" అని అడిగింది. అవునన్నాను.

ఇంత సంతోషంలో, ఆ బాణాలు ఏమై ఉంటాయన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదంటే నమ్ముతారా? మా పొలం డ్యాముకి దిగువన ఉంది, దారి ఎగువన ఉంది. నా బుర్ర పుట్టినప్పటి నుంచీ దిగువనే ఉంది. సాగర్ నిండటమంటే కాలవకి నీళ్ళు రావడమే తప్ప, ఎగువన ఒడ్డు మునగడమని కూడా అర్థముంటుందని పల్నాడులో ఎవడికి తోస్తుంది?

నడక డిసెంబరులో అనుకున్నాం. ముందొకసారి దారంతా నడిచి చూసి రిపోర్టు ఇవ్వమని ఆఫీసరమ్మ చెప్పింది. కార్తీకమాసం వనభోజనాల బందోబస్తులో నాకు తీరిక దొరకలేదు. మావని వానాకాలమంతా వేరే బేస్ క్యాంపుకి కాపలా పంపారు. చివరికి ఒక మధ్యాహ్నం ఆఫీసు వరండాలో ఫ్యాను కింద కూర్చుని రాసిచ్చాను. "దారి తనిఖీ చేయడమైనది. గుర్తులు స్పష్టంగా ఉన్నవి." చేతిరాత కూడా బాగా కుదిరింది.

మొదటి జట్టులో ఎనిమిది మంది వచ్చారు. వాళ్ళలో ఇద్దరి గురించే చెబుతాను. ఒకావిడ నరసరావుపేటలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. అరవై రెండేళ్ళు, తెల్లటి జుట్టు, కొత్త క్యాన్వాస్ బూట్లు. రెండోవాడు అదే ఊళ్ళో బైకులు బాగుచేసే మెకానిక్కు, నలభై ఏళ్ళ ముస్లిం. మాచర్ల బస్టాండులో దిగగానే ఆవిణ్ణి చూసి చేతిలో సమోసా పక్కన పడేసి నిటారుగా నిలబడ్డాడు. ఆవిడ దగ్గరే చదివాడట. "చదవలేదురా, నా క్లాసులో కూర్చున్నావంతే," అంది ఆవిడ. మిగతా ఆరుగురు సత్తెనపల్లి, వినుకొండ వైపు కుర్రాళ్ళు, అమ్మాయిలు. ఫోన్లు పనిచేసినంతసేపూ వాళ్ళ కబుర్లు ఫోన్లలోనే సాగాయి.

సంచులు తనిఖీ చేయడం నా పని. ఒక్కొక్కరికి ఏడు కిలోలకి మించకూడదని ముందే చెప్పాం. టీచరమ్మ సంచి ఎత్తబోతే నా నడుం పట్టేసింది. విప్పి చూద్దునుగదా, అడుగున ఇనప పెనం.

"ఇదేందమ్మా?"

"కనపడట్లా? పెనం. రొట్టె అరచేతిలో కాల్చుకుంటారా?"

"కొండలెక్కాలమ్మా. ఇక్కడే పెట్టిపోండి."

"ఒరేయ్ తమ్ముడూ, ముప్ఫై మూడేళ్ళు పిల్లకాయల పేపర్ల కట్టలు మోశాను. ఈ పెనమొక లెక్కా? నేను మోస్తా, నువ్వు మాట్లాడబాక."

మెకానిక్కు మెల్లగా నా పక్కకొచ్చి, "ఊరుకోండి సార్, వాదిస్తే ఇంకా బరువైనయి తీసుద్ది," అన్నాడు. ఊరుకున్నాను.

మొదటి రోజు హాయిగా గడిచింది. దారి అడవిలోంచి పైపైనే పోతుంది. తునికి చెట్ల కింద ఎండుటాకులు కరకరలాడుతున్నాయి, బాణాలు అన్నీ ఉన్నాయి. దారిలో ఒకమ్మాయి సంచి పట్టీ తెగితే మెకానిక్కు జేబులోంచి పాత ట్యూబు ముక్క తీసి చుట్టి బిగించాడు. చివరిదాకా ఆ ముడి ఊడలేదు. మావ అందరికంటే ముందు, ఆఫీసరమ్మ వెనక, నేను ఆఖర్న. రాత్రికి బేస్ క్యాంపులో పడుకున్నాం.

రెండో రోజు పొద్దున్నే కొండ దిగి ఒడ్డుకి చేరాం. ముందు నడిచే మావ ఆగాడు. వెనకాల ఒక్కొక్కరూ వచ్చి ఆగారు. నేను ఆఖర్న చేరి చూశాను కదా, ఎదురుగా సాగర్. కొండ మొదలు దాకా నిండుగా, నీలంగా, చిన్న చిన్న అలలతో. సగం మునిగిన బండ ఒకటి కనబడుతోంది. దాని మీద తెల్లటి బాణం. ఆ బాణం తిన్నగా నీళ్ళలోకి చూపిస్తోంది.

కుర్రాడొకడు ఫోటో తీశాడు. ఆ ఫోటో తర్వాత ఎన్ని ఫోన్లు తిరిగిందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

"ఇదేంటండి?" అంది ఆఫీసరమ్మ. నావైపు చూడలేదు. ముందు నిలబడ్డది మావ. పెయింటు మరకల కుంచె ఇంకా ఆయన సంచికి వేలాడుతోంది. "ఈ గుర్తు వేసింది మీరేనా అండి?"

పిల్లలూ, ఇక్కడ నేను ఆగాలి. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గరుంది. అయినా నా నోరు పెగల్లేదు. ఇంకా రెండేళ్ళ సర్వీసు, పెన్షన్ కాగితాలు, తప్పుడు రిపోర్టు మీద మెమో, ఇవన్నీ కళ్ళముందు తిరిగాయి. గట్టిగా పది అంకెలు లెక్కపెట్టేంత సేపుంటుంది. ఆ పది అంకెల సేపు నేను ఎలాంటి మనిషినో నాకే తెలిసింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"నేనేనమ్మా. ఏసింది నేనే," అన్నాడు మావ. అబద్ధమాడలేదు. నన్ను ఇరికించనూ లేదు.

ఇంక తట్టుకోలేకపోయాను. ముందుకొచ్చాను. "వేసింది ఆయన, వేయించింది నేనమ్మా. ఇది నీళ్ళ తావని ఆ రోజే చెప్పాడు. నేను నవ్వాను."

"మరి తనిఖీ రిపోర్టండి?"

"అదీ నేనే. వరండాలో కూర్చుని రాశాను."

ఆఫీసరమ్మ ముఖం ఎర్రబడింది. ఏమనబోయిందో ఏమో, ఈలోపల టీచరమ్మ అందుకుంది.

"ఏందిరా తమ్ముడూ, సాగర్ నిండిందని పల్నాడంతా గంతులేస్తుంటే నువ్వు యాడున్నావు?"

"నేనూ గంతులేశానమ్మా. మైసూర్‌పాక్ కూడా పంచాను."

"అవునండి. నేనూ తిన్నాను," అంది ఆఫీసరమ్మ. అని తనకి తెలియకుండానే నవ్వేసింది. దాంతో ఎనిమిది మందీ పగలబడి నవ్వారు. మావ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నిండు సాగర్ ముందు నిలబడి ఏడుపొచ్చింది పల్నాడులో నాకొక్కడికే అయ్యుంటుంది.

నవ్వు అయ్యాక అసలు సంగతి అలాగే ఉంది. వెనక్కి తిరిగితే సాయంత్రానికి రోడ్డెక్కొచ్చు. కానీ మొదటి నడక సగంలో ఆగిందని రాయాలి. ఫైలు మూత పడుతుంది. మార్చితో మావ గూడెంలో కూర్చుంటాడు.

ఆఫీసరమ్మ మావ దగ్గరకెళ్ళింది. "వేరే దారి ఉందా అండి?"

ఆయన కొండవైపు చూశాడు. "దారి ఉందమ్మా. సారుది కాదు, మాది. తేనెకి పోతాం. నీళ్ళొచ్చినప్పుడు పైకి పోతాం, నీళ్ళు దిగినాక మేమూ దిగుతాం. చానా ఏళ్ళాయె, పిల్ల తుప్పలు పెరిగుంటయి. అడుగు చూసి ఏస్తే ఏం కాదు."

"ఒక్కరికి దెబ్బ తగిలినా..."

"తగలదమ్మా. నేను చెప్పినట్టు నడవాల. సారు గూడా."

ఆ చివరి మాట వినగానే టీచరమ్మ నావైపు చూసి మళ్ళీ నవ్వింది. ఆఫీసరమ్మ సంచి భుజానికెత్తుకుంది.

నా ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో అంత అందమైన దారి నేను నడవలేదు. కొండ నడుముకి ఒడ్డాణం పెట్టినట్టు సన్నటి బాట. ఒక పక్క ఎర్రటి బండగోడ, రెండో పక్క ఎంత దూరం చూసినా నీళ్ళే. కిందనుంచి పోయే నా దారిలో అయితే రెండు రోజులూ కాళ్ళ కింద రాయి తప్ప ఏమీ కనబడేది కాదు. పైనుంచి చూస్తే సాగర్‌లో కొండలు దీవులై తేలుతున్నాయి. ఒకచోట బండ మీద ఎండ కాచుకుంటున్న మొసలిని చూపించి, "అదుగో, సారు దారిలో కాపలా," అన్నాడు మావ. ఆయన నోట వేళాకోళం రావడం నేను మొదటిసారి చూశాను. ఇరవై ఏళ్ళు నా మాట ప్రకారం నడిచిన మనిషి ఆ రోజు తన దారిలో ముందు నడుస్తున్నాడు. భుజాలు కూడా వేరేగా ఉన్నాయి.

ఒక్కచోటే చిక్కొచ్చింది. బండగోడ ముందుకి పొడుచుకొచ్చి బాట జానెడైంది. ఇరవై అడుగులు గోడకి ముఖం పెట్టి పక్కకి జరగాలి. మావ తాడు కట్టాడు. ఒక్కొక్కరూ దాటారు. టీచరమ్మ పెనంతో సహా దాటింది. మెకానిక్కు మాత్రం నాలుగడుగులేసి ఆగిపోయాడు. కింద నీళ్ళు చూశాడు. అతనికి ఈత రాదు. తాడు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

"నా వల్ల కాదు సార్," అన్నాడు. మావ ఏదో చెప్పాడు, నేను ఏదో చెప్పాను. అతనికి ఏదీ వినబడటం లేదు. నా తప్పుకి ఈ మనిషి ఇక్కడ వేలాడుతున్నాడు.

అవతల నుంచి టీచరమ్మ గొంతు వినబడింది, తరగతిలో మోగినట్టే. "ఒరేయ్! పదమూడో ఎక్కం చెప్పు!"

"ఏంది టీచరమ్మా?"

"పదమూడో ఎక్కం! మొదలుపెట్టు! కిందికి చూస్తే గోడ కుర్చీ ఏయిస్తా!"

ఆశ్చర్యమేమిటంటే అతను మొదలుపెట్టాడు. "పదమూడొకట్ల పదమూడు..." ఒక అడుగు. "పదమూడు రెళ్ళు ఇరవై ఆరు..." ఇంకో అడుగు. మావ తాడు వదులు చేస్తూ వచ్చాడు. ముప్ఫై తొమ్మిది, యాభై రెండు, అరవై ఐదు, డెబ్భై ఎనిమిది. ఒక్కో మాటకి ఒక్కో అడుగు.

"పదమూడేళ్ళు... తొంభై!"

"తొంభై ఒకటి రా వెధవా!" అని ఆవిడ చెయ్యి పట్టుకుని లాగేసింది. అప్పటికే దాటేశాడు. అతను బండ మీద కూలబడి, ఏడుస్తూ నవ్వాడు. "ఆ రోజు క్లాసులో గూడా అక్కడే తప్పాను టీచరమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం పొద్దు కుంకే వేళకి ఒక పెద్ద నున్నటి బండ మీద గుడారాలు వేశాం. చిన్న గ్యాస్ పొయ్యి మీద టీచరమ్మ పెనం పెట్టి జొన్నరొట్టెలు కాల్చింది. మెకానిక్కు పిండి కలిపాడు. రొట్టె మీద పండుమిరపకాయ కారం. పదకొండు మందిమీ బండ అంచున వరసగా కూర్చుని, ఎర్రబడ్డ నీళ్ళు చూస్తూ తిన్నాం. ఆఫీసరమ్మ కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ మూడో రొట్టె అడిగింది. పెనం గురించి నేను మాట్లాడిన మాటలన్నీ టీచరమ్మ గుర్తుచేసింది, ఒక్కటి కూడా వదల్లేదు.

మూడో రోజు ఇంకో చిక్కు. లాంచీ రావాల్సిన రేవు నా దారి చివర ఉంది. పై బాటన చుట్టు తిరిగి అక్కడికి సాయంత్రంలోగా చేరలేం. చీకటి పడేలోగా లాంచీ వెళ్ళిపోవాలి. ఫోన్లకి సిగ్నల్ లేదు, వైర్‌లెస్ సెట్టు ఆ మలుపులో గురగుర తప్ప ఏమీ అనలేదు. ఆఫీసరమ్మ మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది.

మావ బండ చివరికెళ్ళి నోటికి చేతులడ్డం పెట్టి ఒక కూత వేశాడు. నీళ్ళ మధ్యలో చుక్కలా ఉన్న పుట్టి ఒకటి మెల్లగా తిరిగింది. అవతలి ఒడ్డు తెలంగాణ జాలరి. దగ్గరకొచ్చి కిందనుంచి అరిచాడు.

"ఏందన్నా, గీ పైన ఏం జేస్తున్రు? కింది బాట మునిగిపాయె గద!"

"తెలుసులే!" అని నేను అరిచాను. ఇంకెంతమంది గుర్తుచేస్తారో అనిపించింది.

మావ అతనికి చెప్పాడు. "లాంచీ డ్రైవరుకి చెప్పు తమ్మీ. రేవు కాడికి కాదు, తేనె లోయలోకి రమ్మను."

"లోయలోకి లాంచీ ఎట్ల పోతదే? నోటికాడ బండలు గదా?" అన్నాను నేను, ఏ యాసో తెలియకుండా అన్నీ కలిపేసి.

మావ నావైపు చూశాడు. కోపం లేదు, ఎగతాళీ లేదు. "నీళ్ళు నిండినయి గద సారూ. బండలు అడుగునుంటయి."

మధ్యాహ్నం మూడింటికి మేం లోయలోకి దిగేసరికి చెట్ల వెనకనుంచి లాంచీ హారన్ వినబడింది. ఎండాకాలంలో అక్కడ ఎండిపోయిన రాళ్ళు తప్ప ఏమీ ఉండవు. ఇప్పుడు లాంచీ కొండ ఒడిలోకి వచ్చి, మేం బండ మీద నుంచి ఒక్క అడుగేస్తే ఎక్కేటంత దగ్గర నిలబడింది. నా దారిని ముంచిన నీళ్ళే పడవని మా కాళ్ళ దగ్గరికి తెచ్చిపెట్టాయి. కుర్రాళ్ళు ఈలలు వేశారు. మెకానిక్కు అందరికంటే ముందు ఎక్కి, లాంచీ ఇంజన్ చప్పుడు విని, "సార్, దీనికి టైమింగ్ తప్పింది," అన్నాడు. వాడి ప్రాణం కుదుటపడిందని అప్పుడు నమ్మకం కుదిరింది.

లాంచీలో ఆఫీసరమ్మ నా పక్కన కూర్చుంది. సంచిలోంచి ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టింది.

"తనిఖీ రిపోర్టు మళ్ళీ రాయండి. ఈసారి వరండాలో కాదు, ఇక్కడే."

మెమో రాకుండా ఉండదని నాకు తెలుసు. వచ్చింది కూడా. రెండు నెలల తర్వాత, అండి గిండి లేకుండా. దాచిపెట్టుకున్నాను. కానీ ఆ రోజు కాగితం మీద ఉన్నదున్నట్టు రాశాను. కింది దారి నీళ్ళు తగ్గినప్పుడే పనికొస్తుందని, పై దారి నీళ్ళు నిండినప్పటిదని, రెండూ కలిస్తేనే దారి అని. ఈ సంగతి తెలిసిన మనిషి ముందే చెప్పినా నేను వినలేదని కూడా రాశాను. అడుగున 'తనిఖీ చేసినవారు' అన్నచోట నా పేరు రాయబోతే ఆవిడ ఆపింది.

"అక్కడ మీది కాదండి."

మావని పిలిచింది. ఆయన రాత్రిబడిలో నేర్చుకున్న సంతకం, ఒక్కో అక్షరం విడివిడిగా, పెదాలు కదుపుతూ పెట్టాడు. లాంచీ ఊగుతోంది కాబట్టి రెండో అక్షరం కాస్త వంకర పోయింది. తల ఎత్తి, "ఇది పైకి పోతదా అమ్మా?" అని అడిగాడు.

"పైదాకా పోతుందండి," అంది.

పోయింది. దారి నిలబడింది. ఇప్పుడు దానికి రెండు రంగుల గుర్తులున్నాయి. కింద తెల్లవి, పైన ఎర్రటి జాజు రంగువి. జాజు రంగు బాణాలు ఎక్కడెక్కడ వేయాలో మావ చూపించాడు, నేను వేశాను. పెయింటు చేతులకంటుకుని వారం దాకా పోలేదు. ఏ బాణం వెంట నడవాలన్నది జట్టు బయలుదేరే ముందు ఆయనే తేలుస్తాడు. మార్చిలో ఆయన పేరు వాచర్ల జాబితాలోంచి తీసేశారు. ఏప్రిల్‌లో దారికి పెద్దగా ఎక్కించారు. మధ్యలో ఒక్క రోజు కూడా గూడెంలో కూర్చోలేదు. టీచరమ్మ ఆ తర్వాత ఇంకో రెండుసార్లు నడిచింది, పెనంతో.

పిల్లలూ, మీరు ఏ ఆఫీసులో ఉన్నా రోజూ ఒక అంకె చూస్తుంటారు. ఆ అంకె మీ పొలానికి ఏం చేస్తుందో మీకు తెలుసు. ఎగువన ఉన్నవాడికి ఏం చేస్తుందో ఒకసారి వాడినే అడగండి. అడిగి నవ్వకండి. నాకు తెలిసిన నీతి ఇంతే, అది కూడా తడిసి నేర్చుకున్నది.

నేను రిటైరై నరసరావుపేటలో ఉంటున్నాను. పేపరు రాగానే సాగర్ మట్టం చూడటం మానలేదు. కానీ ఇప్పుడు నిండిన ఏడు నాకు ఆ కబురు పేపరు కంటే ముందే అందుతుంది. పొద్దున్నే ఫోను మోగుతుంది. సిగ్నల్ కోసం ఏ బండెక్కి మాట్లాడతాడో, గాలి హోరులో ఒక్క మాటే వినబడుతుంది.

"సారూ, నీ దారి మునిగిందియ్యాల!"

నేను చొక్కా వేసుకుని కిలో మైసూర్‌పాక్ తేవడానికి బయలుదేరతాను.